బడి వయసు వేరు, భవనం వయసు వేరు

ప్రశ్న: గుంటూరు జిల్లాలో మా అమ్మగారి ఊరి ప్రాథమిక పాఠశాలకు పెంకులతో కప్పిన పాత భవనం ఒకటి ఉంది. గుమ్మం పైనున్న రాతిపలకపై ఇంగ్లీషులో ‘తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూలు’ అన్న అక్షరాలు కనిపిస్తాయి గాని, కింది సంవత్సరం సున్నపు పూతల్లో పూడిపోయింది. మిషనరీ దొరలు కట్టించారని కొందరు, నూటయాభై ఏళ్ళ నాటిదని మరికొందరు అంటారు. పడగొడతారన్న మాట వినిపిస్తోంది. దీని చరిత్ర తెలుసుకునే దారి ఏది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు రాసిన వాటిలో అన్నిటికంటే విలువైన ఆధారం ఆ రాతిపలకే. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా బోర్డులు, అంటే తాలూకా స్థాయి స్థానిక పాలన సంస్థలు, 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద ఏర్పడి 1934లో రద్దయ్యాయి కాబట్టి, అంకెలు కనిపించకపోయినా ఆ రాయి ఈ యాభై ఏళ్ళ మధ్య చెక్కినదే. పలక గోడ కట్టుబడిలో కలిసిపోయి ఉంటే భవనమూ అప్పటిదే. గోడను తొలిచి తరువాత అమర్చిన జాడ ఉంటే మాత్రం భవనం ఇంకా పాతది కావచ్చు.

దొరల మాట ఊరికే పుట్టలేదు. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చినది మొదలు ఈ ప్రాంతంలో మిషను బడులు వెలిశాయి. దాంతో పాత పెంకుటి బడి ఏది కనిపించినా దొరల ఖాతాలో వేయడం మనవాళ్ళకు అలవాటైంది. కాని బోర్డుల రాబడిలో ముఖ్యభాగం భూమిశిస్తుతోపాటు వసూలు చేసిన సెస్సు. ఆ లెక్కన మీ భవనంలో మీ ఊరి రైతుల డబ్బే ఎక్కువగా ఉండి ఉంటుంది.

నూటయాభై ఏళ్ళన్న మాట భవనానికి పొసగకపోయినా బడికి పొసగవచ్చు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల గురించి చేయించిన విచారణ ప్రకారం ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు 1826లో తేలింది. అవి చాలావరకు పంతుళ్ళు అరుగుల మీదా, పందిళ్ళ కిందా ఇసుకలో అక్షరాలు దిద్దించిన వీధి బడులు. అటువంటి బడి తరువాత బోర్డు చేతికి వచ్చి సొంత భవనానికి మారి ఉంటే పెద్దల మాటా, రాతిపలకా రెండూ నిజమే అవుతాయి.

ఇది తేల్చవలసింది అడ్మిషన్ రిజిస్టరు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బీరువాలోని అన్నిటికంటే పాత సంపుటిని తెరిచి, మొదటి వరుసలోని ప్రవేశ సంఖ్య చూడండి. అది ఒకటి కాక ఏ నాలుగు వందల పైచిలుకో అయితే, అంతకుముందు మరొక పుస్తకం ఉండేదనీ, అది ఇప్పుడు కనబడకుండా పోయిందనీ అర్థం. పిల్లల కులాలు, పుట్టిన తేదీలు అందులో ఉంటాయి గనుక పుటలను ఫొటోలు తీసి పంచకండి. కావలసిన సంగతి రాసుకుంటే చాలు. రికార్డులు వెతికేటప్పుడు యాజమాన్యం పేరు మారుతూ వచ్చిందని గుర్తుంచుకోవాలి: తాలూకా బోర్డు తరువాత జిల్లా బోర్డు, 1959 నుంచి పంచాయతీ సమితి, 1980ల నడుమ నుంచి మండల పరిషత్తు. స్థలం ఎవరైనా దానమిచ్చినదైతే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దానపత్రం నకలు దొరికే అవకాశం ఉంది.

బెంగుళూరు పెంకులను మాత్రం అతిగా నమ్మవద్దు. వెనుకవైపు కంపెనీ ముద్ర ఉంటుంది గాని, వానలకు పగిలినప్పుడల్లా మార్చే వస్తువు గనుక అది మరమ్మతు కాలాన్ని చెబుతుందే తప్ప కట్టిన కాలాన్ని కాదు.

ఇక పలక సంగతి. దానిపై ఇనుప బ్రష్షు గాని, యాసిడ్ గాని వాడనివ్వకండి. సున్నంతోపాటు అక్షరాల అంచులూ పోతాయి. నీటితో తడిపి, మెత్తని కుంచెతో పొరపొరగా తీయించి, చీకటి పడ్డాక టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చెక్కిన గాట్లలో నీడ పడి అంకెలు బయటపడతాయి. కూల్చివేత ఖాయమైతే, పలకను ముందుగా విడదీసి కొత్త గోడలో అమర్చేలా పనుల అంచనాలోనే రాయించమని పాఠశాల యాజమాన్య కమిటీకి ఇప్పుడే అర్జీ ఇవ్వండి.