పాత ఫ్రెంచి బల్ల మీది పూలను ఎలా చూడాలి

చి.ల.సౌ. రమ్యకు ఆశీస్సులు.

పారిస్ పక్కన సెంతువాన్ పాతసామాన్ల సంతలో పూల పనితనం ఉన్న సొరుగుల బల్ల చూశానని, ఆ పూలకు అర్థమేమిటని అడిగావు. అర్థం సంగతి తర్వాత. ముందు ఆ పూలకూ కాళ్లకూ పొంతన ఉందో లేదో చూడు.

ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కాలం (1715–1774) కాళ్లు వంపు తిరిగి ఉంటాయి. కుర్చీలకైతే వీపు చట్రం పైన నడిమధ్యన చిన్న పూలు చెక్కుతారు. పదహారో లూయీ నాటికి కాళ్లు నిటారుగా, గాళ్లు తీసి ఉంటాయి. కాలు చట్రంలో కలిసేచోట చదరపు దిమ్మె, దానిమీద గుండ్రటి పువ్వు. 1760ల్లో రెండు శైలులూ కలిపి చేసినవీ ఉన్నాయి కనుక, దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకు.

లిల్లీ గుర్తు రాజవంశానిది. ఫ్రెంచి విప్లవకాలంలో చాలాచోట్ల దాన్ని చెక్కి తీసేశారు. అది చెక్కుచెదరకుండా కనిపిస్తే మురిసిపోకు, 19వ శతాబ్దపు నకలు కావచ్చు. లారెల్ ఆకుల దండ విజయానికి, అమ్ముల పొదితో గులాబీలు ప్రేమకు. లారెల్ దండ పక్కన తేనెటీగ ఉంటే నెపోలియన్ కాలపు అభిరుచి.

పూలు చెక్కినవి కాక, పలచటి చెక్కముక్కలు పొదిగినవైతే అసలు పరీక్ష అక్కడే. రేకు అంచున కనిపించే గోధుమ నీడ రంగు కాదు; ముక్కను కాలిన ఇసుకలో ముంచి కమిలేలా చేస్తారు. గీత పడినచోట నీడ చెరిగి కింద తెల్లచెక్క కనిపిస్తే, అది పైన వేసిన రంగే. ఆకులకు పెట్టిన ఆకుపచ్చ రంగు వెలుతురుకు ఎప్పుడో వెలిసిపోయి ఉంటుంది, ఇంకా నిగనిగలాడుతుంటే అనుమానించు. పెచ్చు ఊడినచోట మందం చూడు: చేతిరంపంతో కోసినవి సాధారణంగా 1 మిల్లీమీటరు పైనే, యంత్రం కోసినవి 0.6 దగ్గర. పదేపదే గీకి పాలిష్ పట్టినవి మాత్రం పాతవైనా పలచబడతాయి.

గోటితో తట్టు. డొల్ల శబ్దం వస్తే జిగురు వదిలిందన్నమాట. శీతాకాలం హీటర్ వేడికి లోపలి పలక ఎండి కుంచించుకుపోతుంది, పైముక్క లేస్తుంది. గదిలో తేమ 45–55 శాతం ఉండాలి. తడిగుడ్డ తగలనీయకు, అది నీటికి కరిగే పశువుల జిగురు. ఫెవికాల్ పూశావంటే తర్వాత బాగుచేసేవాడి ప్రాణం తీస్తావు. బంగారుపూత కంచు పూలను మన ఇత్తడి బిందెలా చింతపండుతో తోమకు, పూత పోతే మళ్లీ రాదు.

వెళ్లేటప్పుడు చిన్న టార్చి పట్టుకెళ్లు. పక్కవాటంగా వేస్తే లేచిన రేకుల నీడ పడుతుంది. అవెన్ని ఉన్నాయో లెక్కపెట్టాకే ధర మాట్లాడు.

ఇట్లు,
మీ పెదనాన్న