పాత జీపుకు వెనక హౌసింగ్ మార్చాక హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎలా కుదర్చాలి?

పాత జీపుకు బొలెరో వెనక హౌసింగ్ (రెండు వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టం) వేయిస్తున్నానని, హ్యాండ్ బ్రేక్ కేబుల్ పొడవు కుదరడం లేదని, కోయించి అతికించుకోవచ్చా అని అడిగారు. వద్దు. కేబుల్ జోలికే పోకండి. ఆ హౌసింగ్‌కు కంపెనీ ఇచ్చిన కేబుళ్లను ఉన్నవి ఉన్నట్టే వాడండి. అవి ఎక్కడిదాకా అందుతాయో అక్కడ ఛాసిస్ మీద బ్రాకెట్ పెట్టించండి. అక్కడి నుంచి లివర్ దాకా మిగిలే దూరానికి ఇనుప రాడ్డు వేయించండి. రాడ్డు కావాల్సిన పొడవుకు మరలు కోసి ఇవ్వడం ఏ లేత్ షెడ్డుకైనా చిన్న పని. కోసి అతికించిన కేబుల్‌ను నమ్మి నేనైతే బండిని వాలులో వదిలి దిగను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా మేనమామ జీపు. మదనపల్లె దగ్గర ఆయన తోట. టమాటా బాక్సులు మార్కెట్‌కు తోలే బండి అది. పాత విల్లీస్ నమూనాలో వచ్చిన ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనక, అక్కడి నుంచి హౌసింగ్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో, చిన్న డ్రమ్ము ఉంటుంది. డ్యాష్ బోర్డు దగ్గర పిడి లాగితే ఆ డ్రమ్ము బిగుస్తుంది, షాఫ్ట్ ఆగుతుంది, షాఫ్ట్‌తో పాటు చక్రాలూ ఆగాలి. హౌసింగ్ లోపల ఒక్కో చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టులు రెండూ బాగున్నంతసేపు ఆగుతాయి కూడా. ఒకటి విరిగిందంటే ఆ రెంటి మధ్య ఉండే డిఫరెన్షియల్ పళ్లు ఆ విరిగిన వైపుకు ఊరికే తిరిగిపోతాయి, రెండో చక్రాన్ని పట్టుకునే దిక్కు ఉండదు. పంక్చర్ వేయడానికి వెనక ఒక చక్రం జాకీ మీద లేపినా ఇదే గండం. మామ బండికి హార్స్‌లీ హిల్స్ దారిలో జరిగింది ఇదే. హాఫ్ షాఫ్ట్ విరిగింది. డ్రైవర్ కాలి బ్రేకు తొక్కి ఆపాడు. పిడి లాగి దిగబోతే బండి వెనక్కి జారింది. మళ్లీ ఎక్కి బ్రేకు తొక్కి కూర్చుని, దారిన పోయేవాళ్లను కేకేసి చక్రాల కింద రాళ్లు పెట్టించుకున్నాడు.

ఆ తర్వాతే చక్రాల దగ్గరే హ్యాండ్ బ్రేక్ ఉండే హౌసింగ్ వేద్దామనుకున్నాం. నేను ఉండేది బెంగళూరు. జేసీ రోడ్డులో కొత్త సామాన్లు, శివాజీనగర్ వైపు గుజిరీ అంగళ్లలో పాతవి దొరుకుతాయని మామ బండిని ఇక్కడికే పంపించాడు. హౌసింగ్ దొరకడం, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చోబెట్టడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేయడం బాగానే అయిపోయాయి. తంటా అంతా హ్యాండ్ బ్రేక్ దగ్గరే వచ్చింది.

షెడ్డువాళ్లు కేబుళ్లను మధ్యలో కోసి, తీగ ముక్క కలిపి, యు క్లాంపులు బిగించారు. ఔటర్‌ను, అంటే తీగ పైనుండే తొడుగును, పల్చటి రేకు బ్రాకెట్‌లో దూర్చి బైండింగ్ వైరుతో కట్టారు. షెడ్డు లోపల చదును నేల మీద లివర్ లాగి, ఇద్దరు కుర్రాళ్లతో తోయించి, "చూడండి సార్, కదల్లేదు" అన్నారు. బయటికొచ్చి రోడ్డెక్కే ఏటవాలు మీద నిలిపితే బండి మెల్లగా వెనక్కి వెళ్లింది. ఈ చదును నేల పరీక్ష మీద నాకు మహా కోపం. ఖాళీ బండి చదును మీద కదలకపోతే ఏం తేలినట్టు? హ్యాండ్ బ్రేక్ ఉండేదే వాలు కోసం, లోడు కోసం.

బండిని మళ్లీ లోపల పెట్టించి, చక్రాలకు దిమ్మెలు వేసి, టార్చి పట్టుకుని నేనే కిందికి దూరాను. "మామా, లాగు" అన్నాను. పైనుంచి టక్ టక్ టక్ అని లివర్ పళ్లు పడుతున్నాయి. "లాగతానే ఉండా రా, పట్టేది లే" అంటున్నాడు మామ. కింద ఏం జరుగుతోందో కళ్లారా కనబడింది. కదలాల్సింది లోపలి తీగ. కదులుతున్నది ఔటర్! లాగిన ప్రతిసారీ ఔటర్ పాము పడగెత్తినట్టు పైకి లేస్తోంది, రేకు బ్రాకెట్ వెనక్కి వంగుతోంది. డ్రమ్ము వెనక ప్లేటు దగ్గర చూస్తే తీగ వేలి గోరంత కూడా జరగడం లేదు. మామ లాగుతున్న బలమంతా ఔటర్‌ను నిటారు చేయడానికే అయిపోతోంది.

అందరూ తీగ పొడవు గురించే బెంగపడతారు గానీ, చూడాల్సింది ఔటర్ రెండు చివరలు. లోపలి తీగను ఎంత బలంతో లాగుతామో ఔటర్ మీద అంతే బలం ఎదురు పడుతుంది. ఒక చివర డ్రమ్ము వెనక ప్లేటులో క్లిప్పుతో సహా కూర్చోవాలి. రెండో చివర ఛాసిస్‌కు కదలకుండా ఆనాలి. ఈ రెండూ గట్టిగా ఉంటే మధ్యలో ఔటర్ ఎటు వంగినా బాధ లేదు, వంపు మరీ బిర్రుగా లేకుంటే చాలు.

ఆ అతుకులన్నీ తీయించేశాం. జేసీ రోడ్డులో బొలెరోకే కొత్త కేబుళ్లు కొన్నాం, కుడిదీ ఎడమదీ విడివిడిగా. వెల్డింగ్ పెద్దాయన ఒకాయన దొరికాడు. మందపు ప్లేటుతో బ్రాకెట్ చేసి, పక్కన మూలకట్టు కూడా వేసి, ఛాసిస్ అడ్డ కమ్మీకి (క్రాస్ మెంబర్‌కు) అతికించాడు. ఆయన చేసిన మంచి పని, చక్రాలు నేల మీద ఉండగా, బండి బరువు కట్టల మీద పడి ఉండగా కొలత తీసుకోవడం. తర్వాత ఛాసిస్ లేపి హౌసింగ్‌ను కిందికి వేలాడనిచ్చి, ఔటర్ బిగదీసుకుపోతోందా అని చూశాడు. గుంతలో చక్రం దిగినప్పుడు హౌసింగ్ అలాగే వేలాడుతుంది. అప్పుడు కేబుల్ బిగుసుకుపోతే బ్రాకెట్టో క్లిప్పో ఊడి వస్తుంది. సైలెన్సర్ పైపుకు, టైరుకు తగలకుండా దారి చూసుకోవడం కూడా అప్పుడే అయిపోవాలి.

రెండు కేబుళ్లూ కలిసే చోట బ్యాలెన్సర్, అంటే లాగిన బలాన్ని రెండు వైపులకూ సమానంగా పంచే ముక్క, తప్పకుండా పెట్టించండి. అది లేకుంటే ఒక చక్రమే పట్టి రెండోది ఊరికే ఉంటుంది. లివర్ కూడా బొలెరోదే కిందికి బిగించుకోండి. పాత లాగుడు పిడి ఆ షాఫ్ట్ డ్రమ్ముకు లెక్కగట్టింది, రెండు చక్రాల డ్రమ్ముల్లో లోపలి నుంచి ఒరుసుకుని పట్టే షూలను లాగడానికి కాదు. సెట్టింగ్‌లో ముందు డ్రమ్ము లోపల షూలను దగ్గరికి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే కేబుల్ నట్టు. షూలు దూరంగా ఉండగా నట్టు బిగించి లివర్ టైట్ చేస్తే ఆ రోజుకు బాగానే ఉంటుంది, షూ అరిగిన కొద్దీ మళ్లీ జారుతుంది. లివర్ వదిలాక రెండు చక్రాలూ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. కొంత దూరం నడిపి డ్రమ్ములు తాకి చూడండి. ఒకటి ఎక్కువ వేడెక్కితే ఆ వైపు కేబుల్ వెనక్కి రావడం లేదని అర్థం.

కార్లకు ఐక్యరాజ్యసమితి బ్రేకు నిబంధన ఆర్13-హెచ్‌లో నిండు లోడుతో 20 శాతం వాలులో, అంటే 100 మీటర్లకు 20 మీటర్లు లేచే చోట, హ్యాండ్ బ్రేక్ ఒక్కటే బండిని నిలపాలని ఉంది. మీరూ లోడు వేసి, బాగా ఎత్తుగా ఉన్న ర్యాంపు మీద, ముందుకూ వెనక్కూ తిప్పి నిలిపి చూడండి. పక్కన దిమ్మె పట్టుకుని ఒక మనిషి ఉండాలి.

"గేర్‌లో వేసి రాయి పెడితే చాలదా" అనేవాళ్లు ఉంటారు. ఆ రాళ్ల సంగతి ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లను అడగండి. బండి తీసేవాడు రాయి తీయడు. రాత్రి పూట బైకు మీద వచ్చేవాడికి అది యమగండం. అది పెట్టినవాడి బండికి సరైన హ్యాండ్ బ్రేక్ ఉంటే ఆ రాయి అక్కడికి వచ్చేదే కాదు. బెంగళూరులో కూడా ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగితే లివర్ లాగేవాళ్లు కనబడరు, హాఫ్ క్లచ్‌లో బండిని ఊపుతూ క్లచ్ ప్లేటు మాడ్చుకుంటారు.

ఇంకో మాట. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌నే గట్టిగా నిలబెట్టింది. పని మొదలుపెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

మీ జీపు ఏ మోడలో, కట్టలు హౌసింగ్ పైన ఉన్నాయో కింద ఉన్నాయో కామెంట్‌లో రాయండి. కింది నుంచి తీసిన ఫొటో ఒకటి పెడితే బ్రాకెట్ ఏ క్రాస్ మెంబర్ మీద పడుతుందో చూసి చెబుతాను.