సెడార్ మొక్కలు నాటితే ఎండిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: అమెరికాలో మిసోరి రాష్ట్రంలో 15 ఎకరాలు కొన్నాం. రోడ్డు మీంచి ఇల్లు కనబడకుండా సెడార్ చెట్లు వరుసగా పెంచాలని ఉంది. చలికాలంలో పిట్టలు, జింకలు తలదాచుకోవడానికి కూడా పనికొస్తాయంటున్నారు. మా బీడులో అవి వాటంతటవే బోలెడు మొలిచాయి. త్వరగా అడ్డు వస్తాయని ఆరడుగులవి పది తవ్వి జులైలో నాటాం. నీళ్లు బాగానే పోశాం, అయినా అన్నీ పోయాయి. ఏం చేయాలి?

జవాబు: అదును తప్పిందండీ, పైగా మొక్కలూ మరీ పెద్దవి. మీ దగ్గరి ఎర్ర సెడార్ మన దేవదారు కాదు, జునిపర్ అనే వేరే జాతి చెట్టు. ఒకప్పుడు పెన్సిళ్లు చేసింది ఈ కలపతోనే. ఆరడుగుల మొక్కని తవ్వితే సగానికి పైగా వేళ్లు బీడులోనే ఉండిపోతాయి. ఆకు రాల్చని చెట్టు కాబట్టి పైన ఆకులు నీళ్లు అడుగుతూనే ఉంటాయి. జులై ఎండలో మిగిలిన ఆ కాసిని వేళ్లు ఎంతని అందిస్తాయి? ఇంకో చిక్కు, ఈ మొక్క చచ్చాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. బతికిందనుకుని మోసపోతాం.

ఈసారి ఒకటి రెండు అడుగుల మొక్కలు ఎంచుకోండి. నీడలో సాగినవి వద్దు, బాగా ఎండ తగిలినవి తీసుకోండి. ఫిబ్రవరి చివర్లో గడ్డకట్టిన నేల కరిగినప్పటి నుంచి మార్చి నెలాఖరులోపు, చిగురు వేయకముందే పని పూర్తి కావాలి. కాండానికి ఆరేడు అంగుళాల దూరంలో చుట్టూ పార దింపి, అడుగు లోతు మట్టిగడ్డతో సహా లేపి, తడి గోనెలో చుట్టి అదే రోజు నాటండి. వేళ్లు ఒకసారి ఆరిపోతే తర్వాత ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు. గొయ్యి వెడల్పుగా ఉండాలి, లోతు మాత్రం మట్టిగడ్డ ఎత్తుకి మించకూడదు. మొదటి ఏడాది ఎరువు వేయొద్దు. మొక్క చుట్టూ గడ్డి లేకుండా చూసి, వాన పడని వారం రెండు మూడు గ్యాలన్లు పోస్తే చాలు. గోతులు తవ్వే ముందు 811కి (నేల కింది పైపుల ఆచూకీ చెప్పే నంబరు) ఫోన్ చేయండి, కింద గ్యాస్ పైపులు ఉండొచ్చు.

రెండు వరసలుగా, ముందు వరస సందుల్లోకి వెనక వరస మొక్కలు వచ్చేలా, పదేసి అడుగుల ఎడంతో నాటండి. మొదట్లో బోసిగా ఉంటుంది. దగ్గరగా పెడితే మాత్రం కొన్నేళ్లకి ఎండ అందక కింది కొమ్మలు ఎండి, సరిగ్గా మనిషి ఎత్తులోనే ఖాళీలు వస్తాయి. ఏడాదికి అడుగు, అడుగున్నర పెరుగుతాయి కాబట్టి ఓపిక పట్టాలి. మంట త్వరగా అంటుకునే చెట్టు, ఇంటికి కనీసం 30 అడుగుల దూరంలో ఉంచండి.

పక్షుల కోసమైతే సన్నటి వరస కన్నా ఓ మూల గుంపుగా నాటి, వాటికి ముందు వైపు అడవి ప్లమ్ పొదలు వేయడం మేలు. నీలం కాయలు ఆడచెట్టుకే వస్తాయి, చిన్నప్పుడు ఏది ఆడదో చెప్పలేం.

ఆపిల్ చెట్లున్నాయా? సెడార్ మీద బతికే తుప్పు తెగులు వసంతంలో వాటికి పాకుతుంది. గోల్డెన్ డెలిషియస్‌ రకం ఆపిల్‌కి మరీ ఎక్కువ, లిబర్టీ రకం తట్టుకుంటుంది. చలికాలంలో సెడార్ కొమ్మలకి వేలాడే సంచి పురుగు గూళ్లని మే నెలకి ముందే ఏరి కాల్చేయండి.

బీడులో మిగిలిన ఆరడుగుల చెట్లని ఇక కదపకండి, పిట్టలకి అవి ఇప్పటికే గూడు. అక్కర్లేనివాటిని నేలమట్టానికి కోస్తే మళ్లీ చిగురించవు.