ఫార్న్ దీవికి బయలుదేరుతున్న మాధవికి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వేసవిలో ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ఉన్న ఇన్నర్ ఫార్న్ దీవిలో పక్షులను కాపాడే సిబ్బందితో ఉండబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఒకపక్క గర్వం, ఇంకోపక్క దిగులు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కాకినాడలో పుట్టిన పిల్లకు సముద్రం కొత్తా అంటావు. ఉత్తర సముద్రం వేరమ్మా, అక్కడ జూన్‌లోనూ చలిగాలి ఎముకలు కొరుకుతుంది. ఉన్నిబట్టలు, వానకోటు తెచ్చుకో. మంచినీళ్లు కూడా పడవలోనే రావాలి గనుక పొదుపుగా వాడు. గూళ్ల దగ్గరికి వెళ్తే ఆర్కిటిక్ టెర్న్‌లు అనే సముద్రపక్షులు నెత్తి మీద రక్తం వచ్చేలా పొడుస్తాయి, టోపీ తీయకు.

పడవ దిగేటప్పుడు మాత్రం, నడిపేవాడు చేయి అందించి రమ్మనేదాకా మెట్టు మీద కాలు మోపకు. ఈ ఒక్క మాట నాకు ఒట్టేసి చెప్పాలి. అక్కడ అందరూ నీకు దీపస్తంభం కాపలాదారు కూతురు గ్రేస్ డార్లింగ్ కథ చెబుతారు. 1838 సెప్టెంబర్ 7న ఫోర్ఫార్‌షైర్ ఓడ రాళ్లకు కొట్టుకుని విరిగిపోతే, లాంగ్‌స్టోన్ దీపస్తంభం నుంచి ఆమె, తండ్రి విలియం చిన్న పడవలో వెళ్లి తొమ్మిది మందిని కాపాడారు. ఆ తుఫానులో కూడా వాళ్లు దగ్గరి దారి వదిలి, దీవుల చాటున చుట్టుదారిలో తెడ్లు వేశారు. రెండో విడతకు తండ్రి కూతురిని దీపస్తంభంలోనే ఉంచి, బతికిన నావికులను తోడు తీసుకువెళ్లాడు. ఆ తండ్రికి ఉన్నపాటి జాగ్రత్త నీకూ ఉండాలని నా కోరిక.

నేను అక్కడ సాయంగా పనిచేసిన ఏడాది నీ వయసు కుర్రవాడొకడు ఉండేవాడు, చాలా మంచివాడు. ఒక ఉదయం సీగల్ ఒకటి టెర్న్ పిల్ల మీదికి రావడం చూసి తట్టుకోలేక, చెక్కబాట దిగి పరుగెత్తాడు. మూడో అడుగుకే నేల కుంగి మోకాలిదాకా దిగబడిపోయాడు. అది పఫిన్ అనే సముద్రపక్షి నేలలో తవ్వుకున్న గూడు, బొరియ. పఫిన్ ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అతను మట్టి తవ్వి చేయి పెట్టి చూస్తే పెంకు ముక్కలు, వేళ్లకు అంటిన పచ్చసొన తప్ప ఏమీ లేవు. ఈలోగా అతని అలికిడికి టెర్న్‌లన్నీ గూళ్లు వదిలి లేచిపోయాయి, కాపలా లేని గూళ్ల మీద సీగల్స్ పడ్డాయి. ఒక పిల్లను కాపాడబోతే ఎన్నో పోయాయి. ఆ రోజంతా అతను అన్నం ముట్టలేదు.

నీదీ అంతే తొందర, చిన్నప్పుడు గూటి నుంచి జారిన పిచ్చుకపిల్లను ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చున్న దానివి. అందుకే నాకు భయం. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి అక్కడ వేలాది పక్షులు చచ్చిపోయాయి, 2024 దాకా సందర్శకులను ఆ దీవిలో దిగనివ్వలేదు. ఇప్పుడు అక్కడ ప్రతి గుడ్డూ లెక్కే. ఏది కంటపడినా బాట దిగకు, ముందు పెద్ద ఉద్యోగికి చెప్పు.

గాలి ఎక్కువైతే రోజుల తరబడి పడవలు రావు. ఫోను రాకపోతే కంగారు పడవద్దని మీ అమ్మకు ఇప్పుడే చెప్పు, నా మాట ఆమె వినదు. న్యూకాసిల్‌లో రైలు దిగే వేళ తెలిపితే సీహౌసెస్ రేవు దాకా నేనే తోడు వస్తాను.

మీ పెద్దమ్మ