కాయ చెట్టు మీదుండగానే మాట తేల్చుకోవాలి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది నార్పల మండలం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మా నాన్నగారి కాలం నుంచి మా కాయ కొంటున్న వ్యాపారే ఈసారి కూడా టన్ను 30,000 రూపాయలకు మాట్లాడుకుని, 50,000 అడ్వాన్సు ఇచ్చారు. మొదటి లోడు బాగానే వెళ్లింది. రెండో లోడు కోతకు కూలీలు దిగాక, మార్కెట్ పడిపోయిందనీ, టన్నుకు 26,000 మాత్రమే ఇస్తాననీ, సూటు (తూకంలో తీసేసే తరుగు) కూడా టన్నుకు 100 కిలోల బదులు 150 కిలోలు తీస్తాననీ అంటున్నారు. ఒప్పుకుంటే నష్టం, కాదంటే కాయ రాలిపోతుంది. ఆయనతో ఎలా మాట్లాడాలి?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ముందుగా లెక్క చూసుకోండి. టన్ను తూకంలో 100 కిలోలు సూటు పోతే, పాత ధరకు మీ చేతికి వచ్చేది 27,000. 150 కిలోలు పోయి ధర 26,000 అయితే వచ్చేది 22,100. అంటే ఆయన అడుగుతున్న తగ్గింపు పైకి 4,000గా కనిపిస్తున్నా, నిజానికి 4,900. ధర, సూటు అనే రెండు విషయాలను ఒకేసారి కలిపి మాట్లాడితే ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది కాబట్టి, వాటిని విడదీసి, ఒకటి తేలాకే రెండోదానికి వెళ్లండి.

తర్వాత, ఆయన రాకపోతే ఏం చేస్తారో మాటలకు కూర్చోక ముందే తెలుసుకోవాలి. ఆ కాయనే అనంతపురం మార్కెట్ యార్డులో వేలానికి పెడితే ఈరోజు ధరెంత, కోత కూలి, బాడుగ, కమీషన్ పోను మిగిలేదెంత అని ఇద్దరు ముగ్గురిని అడిగి కాగితం మీద రాసుకోండి. అంతకంటే తక్కువకు మీరు ఒప్పుకోనక్కరలేదు. ఆ అంకె తెలియని రైతు భయంతో మాట్లాడతాడు, ఆ భయం ఎదుటివారికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక అసలు మాట. ఆయన ఏమి అడుగుతున్నారో మీరు రాశారు గానీ, ఎందుకు అడుగుతున్నారో రాయలేదు. గార్లదిన్నె దగ్గర ఒక తోటలో ఇలాంటి తగాదానే నేను కళ్లారా చూశాను. కాటా పక్కన గంటసేపు అరుచుకున్నాక, ఆ రైతు ఒక గంపను కింద కుమ్మరించి, “ఇందులో నీకు పనికిరానివి ఏవో నువ్వే ఏరు అన్నా” అన్నారు. వ్యాపారి చిన్న కాయను, మచ్చ కాయను పక్కకు తీశారు. దూరపు మార్కెట్‌కు చేరేసరికి ఆ కాయే కుళ్లి మిగతా సరుకు ధరను కూడా దింపేస్తోందనీ, ఆ నష్టాన్నే సూటు రూపంలో రాబట్టుకుంటున్నాననీ అప్పుడు చెప్పారు. ఏరిన కాయను రైతు విడిగా అమ్ముకునేట్లు, మంచి కాయకు పాత ధరే, సూటు లేకుండా, అని అక్కడే తేలిపోయింది. మీ వ్యాపారి కారణం వేరే కావచ్చు. లారీ వెయిటింగ్ కావచ్చు, చేతిలో రొక్కం లేకపోవడం కావచ్చు. అడగకపోతే మాత్రం తెలియదు.

దేశాల మధ్య కూడా ఇదే జరిగింది. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన సినాయ్ భూమి అంతా తిరిగి కావాలని ఈజిప్టు, కొంతైనా ఉంచుకుంటామని ఇజ్రాయెల్ పట్టుబట్టాయి. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు కాదనేవారు. 1978 సెప్టెంబర్‌లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు కూర్చున్నాక తేలినదేమంటే, ఈజిప్టుకు కావలసింది తన భూమి, ఇజ్రాయెల్‌కు కావలసింది తన సరిహద్దు పక్కన యుద్ధట్యాంకులు లేకపోవడం. భూమి మొత్తం ఈజిప్టుకు వెళ్లింది, సైన్యాన్ని ఎక్కడ ఎంత ఉంచవచ్చో హద్దులు పెట్టారు. 1979 మార్చిలో శాంతి ఒప్పందం కుదిరింది.

మాటలు విఫలమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ ఇద్దరూ ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు.

ప్రశ్న: పెద్దలు కూర్చుని రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం ఎందుకు నిలవలేదు?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసిన ఆ ఒప్పందం కొంత అమలైంది కూడా. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమకు ఇచ్చారు కాబట్టే, 1953 అక్టోబర్ 1న మీ కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. నీటి వాటాలో తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లను ముందుగా సీమకు, నెల్లూరుకు ఇవ్వాలని రాసుకున్నారు. బాధాకరమైన సంగతి ఏమంటే, అది నాయకుల మధ్య మాటే గాని చట్టం కాదు. మాట తప్పితే ఎవరి దగ్గరికి వెళ్లాలో అందులో రాయలేదు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 1960 నాటి సింధు జలాల ఒప్పందంలో తగాదా వస్తే ముందు రెండు దేశాల కమిషన్, తర్వాత తటస్థ నిపుణుడు, ఆపైన మధ్యవర్తిత్వ న్యాయస్థానం అని మెట్లు కట్టారు. 2025 ఏప్రిల్‌లో భారత్ దానిని నిలిపివేసినా, అంతకుముందు మూడు యుద్ధాలను దాటి నిలిచింది. శ్రీబాగ్ కాగితంలో అలాంటి మెట్టు ఒక్కటీ లేదు. 1956 నవంబర్‌లో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాద్‌కు వెళ్లినప్పుడు, సీమవారు దానిని చూపించి అడగడానికి ఏ న్యాయస్థానమూ లేకపోయింది.