చెరువు గట్టు కోతకు ఏ మొక్కలు నాటాలి?

శ్రీకాకుళం దగ్గర మా ఊరి చెరువు గట్టు ఏటా కోసుకుపోతోంది, ఏం నాటాలి అని అడిగారు.

ముందు కోత ఎక్కడుందో చూడండి. సాధారణంగా అలలు తగిలే నీటి అంచునే మట్టి అడుగు నుంచి జారి, పైన గడ్డి చూరులా వేలాడుతుంది. అక్కడ వట్టివేరు నాటండి. దాని వేర్లు పక్కకు పాకకుండా 2, 3 మీటర్ల లోతుకు దిగుతాయి. పిలకల్ని జానెడు కంటే దగ్గరగా, నీటి అంచుకు సమాంతరంగా వరుసల్లో పెట్టాలి. ఎడం వదిలితే నీరు ఆ సందులోంచే కోస్తుంది. వరుసల మధ్య గరిక, లోతు తక్కువ నీళ్లలో తుంగ. జమ్ము కూడా అలల్ని ఆపుతుంది కానీ చెరువంతా కమ్మేస్తుంది, నేనైతే వద్దంటాను. లొట్టపీసు మన మొక్కే కాదు, దాన్ని అసలు తేవద్దు.

కానుగ, వావిలి గట్టుకు బయట, కాస్త దూరంగా వేయండి. గట్టు మీద పెద్ద చెట్టు చచ్చిపోతే వేరు కుళ్లిన దారిలోనే నీరు ఊటలా కారి గండి పడొచ్చు.

జూన్‌లో తొలకరి పడగానే నాటితే తుపాన్ల నాటికి వేళ్లూనుకుంటాయి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులోనే కదా. తొలి ఏడాది పశువులు దిగకుండా ముళ్లకంప అడ్డం పెట్టి, వాటికి ఒక పక్కన రేవు వదలండి. గెడ్డ (వాగు) నీరు నేరుగా వచ్చి గుద్దే చోట మాత్రం మొక్కలు చాలవు, రాతి కట్టు కావాలి.