భూమి ధర పెరిగింది కదా అని పిల్లలకు ఇప్పుడే మొత్తం రాసేయాలా?

ప్రశ్న: మాది గజ్వేల్ దగ్గర పల్లె. నాకు 72 ఏళ్లు. ముత్తాత నాటి భూమిలో అన్నదమ్ముల పంపకంలో నాకు 6 ఎకరాలు వచ్చింది. 1992లో నా డబ్బుతో ఇంకో 2 ఎకరాలు కొన్నాను. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. బిడ్డ పెళ్లి 1996లో కట్నం, బంగారం పెట్టి చేశాం. రీజినల్ రింగు రోడ్డు మాట వచ్చాక ధరలు బాగా పెరిగాయి. పెద్దోడు హైదరాబాద్‌లో ఫ్లాట్ కోసం 2 ఎకరాలు అమ్మమంటున్నాడు. చిన్నోడు సాగు చేస్తున్నాడు. గొడవ లేకుండా అంతా కొడుకులిద్దరికీ గిఫ్ట్ డీడ్ చేయాలనుకుంటున్నాను. చేయవచ్చా? – ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఆ 6 ఎకరాలు మీరొక్కరే రాసిచ్చేది కాదు. పాసుపుస్తకంలో మీ పేరే ఉండొచ్చు. అంతమాత్రాన అది మీ సొంతార్జితం కాదు. ముత్తాత నుంచి తరతరాలుగా వచ్చి పంపకంలో మీకు దక్కిన భూమిలో మీ పిల్లలకు పుట్టుకతోనే హక్కుంది. (అదే భూమిని మీ నాన్నగారు సొంతంగా కొని, 1956 తర్వాత వీలునామా లేకుండా చనిపోయి ఉంటే లెక్క మారేది. అప్పుడు మీ భాగం మీ సొంత ఆస్తే అయ్యేది. అందుకే ముందు పాత పంపకం కాగితం, పాత పహాణీలు తీయించి చూడండి.)

బిడ్డ సంగతి. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదనుకోవడం పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు అప్పుడే కొడుకులతో సమాన హక్కు వచ్చింది. మీ బిడ్డ పెళ్లి 1996లో, అంటే ఆమె అప్పటి నుంచే హక్కుదారు. 2005 కేంద్ర సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ హక్కును ఇంకా గట్టి చేశాయి. కాబట్టి 6 ఎకరాలకు వాటాలు నాలుగు: మీరు, ఇద్దరు కొడుకులు, బిడ్డ. ఒక్కొక్కరికి ఎకరం 20 గుంటలు. మన దగ్గర పంపకంలో భార్యకు విడిగా వాటా రాదు, ఆమెకు మీ వాటాలోంచి మీరే రాసిపెట్టాలి.

బిడ్డ వద్దంటే తెల్లకాగితం మీదో, స్టాంపు కాగితం మీదో సంతకం తీసుకుంటే చాలదు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాలి. ఆమె ఇష్టపూర్వకంగా, విషయం తెలిసే చేయాలి. ఎకరం ధర ఇంత పెరిగాక పదేళ్లకైనా ఆ వాటా కోసం కోర్టు మెట్లెక్కే అవకాశం ఉంది, అప్పుడు కొన్నవాళ్లూ అందులో చిక్కుకుంటారు. ఒకవేళ రోడ్డుకు భూసేకరణ జరిగి, పరిహారం వాటాల మీద తగాదా వస్తే అది సివిల్ కోర్టుకు పోతుంది.

అమ్మాల్సే వస్తే 1992లో కొన్న 2 ఎకరాల్లోంచి అమ్మండి. దానికి మీ సంతకం చాలు. బయానాను నగదుగా 20 వేలు, ఆపైన తీసుకోకండి, బ్యాంకు ద్వారానే రావాలి. మిగతా డబ్బుకు గడువు అగ్రిమెంటులో రాయించండి, పూర్తి డబ్బు చేతికి రాకుండా జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చే కాగితం) ఇవ్వకండి. భూమి మున్సిపాలిటీ బయట, దాని హద్దుకు గాలి దూరంలో 2 కిలోమీటర్లు దాటి ఉంటే (10 వేల నుంచి లక్ష వరకు జనాభా ఉన్న పట్టణానికి ఇది లెక్క, జనాభా పెరిగితే 6, 8 కిలోమీటర్లు) మూలధన లాభం పన్ను ఉండదు. ఆ దూరం లోపలే ఉంటే పన్ను ఉంటుంది. అయితే అమ్మే ముందు రెండేళ్లు సాగులో ఉన్న భూమి అయి, అమ్మాక రెండేళ్లలో వేరే వ్యవసాయ భూమి కొంటే, ఆ మేరకు మినహాయింపు దొరుకుతుంది.

గిఫ్ట్ డీడ్ గురించి గట్టిగా చెబుతున్నా: మీ వాటా, ఆ 2 ఎకరాలు మీ ఇద్దరి బతుకుతెరువు. రిజిస్టరైన గిఫ్ట్‌ను మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. ఇవ్వక తప్పదనుకుంటే దస్తావేజులోనే ఇలా రాయించండి: "ఈ భూమి తీసుకున్నందుకు నా కుమారుడు నాకు, నా భార్యకు జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం చూడవలెను. చూడని యెడల ఈ దస్తావేజు రద్దు కావలెను." ఈ మాట ఉంటే, కొడుకు చూడనప్పుడు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ దగ్గరి ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. షరతు లేకుండా రాసిచ్చి, తర్వాత చూడటం లేదని అక్కడికి వెళ్లే తల్లిదండ్రులకు కేసు నిరూపించుకోవడం చాలా కష్టమవుతుంది.

అందుకే మీకు నా సలహా ఇది. 6 ఎకరాలకు సర్వేయర్‌తో హద్దులు కొలిపించి, అందరి సంతకాలతో పంపకాల దస్తావేజు తహసీల్దార్ దగ్గర రిజిస్టర్ చేయించి, ఎవరి పాసుపుస్తకం వాళ్లకు చేయించండి. సాగు చేసే చిన్నోడి వాటా బావి, బోరు ఉన్న వైపు పడేలా మాట్లాడుకోండి. దారి ఎటు పోవాలో, నీళ్లు ఎవరికి ఎన్ని గంటలో కూడా కాగితంలోనే రాయండి. మీ వాటాకు, ఆ 2 ఎకరాలకు వీలునామా రాసి, ముందు మీ భార్య పేరు, ఆమె తర్వాత ఎవరికో సర్వే నంబరు, హద్దులతో సహా పెట్టండి. ఇద్దరు సాక్షులు మీరు సంతకం చేయడం చూసి సంతకం పెట్టాలి. సాక్షులు మీకన్నా వయసులో చిన్నవాళ్లు, భూమి రాని వాళ్లు అయితే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. వీలునామాను బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.